అమ్మకు చెప్పొద్దన్న అతిథులు

ఫిబ్రవరి రెండో వారంలో ఒక బుధవారం ఉదయం, నేను క్లాసులో ఉండగా యదీరా నుంచి మెసేజ్ వచ్చింది. “ఎల్లుండి వస్తున్నాం నాయెలీ, నేనూ ఓస్మారూ. పది రోజులుంటాం. పడుకోవడానికింత చోటు చూడు.”

ఇటలీలో ఈ త్రియెస్తెకి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. మా సొంతూరు అరెకీపాలో పుట్టినవాళ్ళకి భూమి కదలడం కొత్త కాదు, ఆ కదలికనే చదువుకుందామని ఇంత దూరం వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ యదీరాని రమ్మని పిలుస్తూనే ఉన్నాను. పళ్ళ సెట్లు చేసే ల్యాబులో దాని పని. సెలవివ్వరే అనేది, వచ్చే ఏడు చూద్దాంలే అనేది. అలాంటిది రెండు రోజుల్లో వస్తున్నామంది. ఎందుకంత తొందరని అడగాలని నాకు తోచలేదు. సూపర్ మార్కెట్‌కి వెళ్ళి కోడిమాంసం, బంగాళాదుంపలు, మిరపకాయలు తెచ్చుకున్నాను.

మేం ముగ్గురం ఒకే బడి, ఒకే బ్యాండు. నేను తాళాలు వాయించేదాన్ని, యదీరా చిన్న డోలు, మాకన్నా రెండేళ్ళు పెద్దవాడైన ఓస్మార్ పెద్ద డోలు. వాళ్ళిద్దరూ నాలుగేళ్ళుగా కలిసి ఉంటున్నారు. ఆ వరసనే ఓస్మార్ నన్ను మరదలా అని పిలుస్తాడు. ట్రాక్టర్లూ పంపుసెట్లూ అమ్మే ఉద్యోగం. ఎప్పుడు చూసినా బూడిదరంగు పికప్ బండిలో ఊళ్ళు తిరుగుతుంటాడు. మాటకారి.

నేనుండేది నెరీనాగారింట్లో, నాలుగో అంతస్తులో ఒక గదిలో. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త ఓడ మీద వంటవాడుగా చేసి పోయాడు. మాట్లాడుతుంటే పై పళ్ళ సెట్టు కిందికి జారి టకటకమనేది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని మరీ తిట్టేది.

“స్నేహితులొస్తే రానీ అమ్మాయ్. వంటింటి పక్క గది ఖాళీగానే ఉందిగా. కానీ రెండు రోజుల్లో పోలీసులకు కాగితం ఇవ్వాలి, ఇంట్లో ఎవరున్నారో. వాళ్ళ పాస్‌పోర్టులు చూపించమను. ఈ వయసులో నన్ను స్టేషన్ చుట్టూ తిప్పకు.”

“అలాగే నెరీనాగారూ. రాగానే ఇప్పిస్తాను.”

శుక్రవారం సాయంత్రం బస్టాండులో దిగినప్పుడు ఇద్దరి వీపుల మీదా బడిపిల్లల సంచుల్లాంటివి చెరొకటి. అంతే సామాను. ఫిబ్రవరి చలికి యదీరా పలచటి ఊలు చొక్కా వేసుకుంది. నన్ను కావలించుకుని చాలాసేపు వదల్లేదు. నేను నవ్వుతూ విడిపించుకుని దాని మొహంలోకి చూశాను. ఎప్పుడూ వెనక్కి దువ్వి బిగించుకునే జుట్టు నుదుటి మీదికి దించుకుంది. జుట్టు కింద సన్నటి గీతలు, రెండు మూడు చోట్ల ఎర్రగా చెక్కు కట్టి ఉన్నాయి.

“ఏమైందే?”

“స్నానాలగదిలో జారాను.”

“జారితే ఇలా గీసుకుపోతుందా?”

“మీ ఊళ్ళో వచ్చినవాళ్ళని ముందు పరీక్ష రాయించి అప్పుడు కాఫీ ఇస్తారా మరదలా?” అన్నాడు ఓస్మార్. నవ్వాను. యదీరా నవ్వలేదు.

ఇంటికొచ్చాక సంచులు విప్పుతారని ఎదురుచూశాను. మా అమ్మ ఇల్లు యదీరా వాళ్ళింటికి రెండు వీధుల అవతల. ఊరి నుంచి ఎవరు బయల్దేరినా నాకు మిరపకాయ ముద్ద, వేయించిన మొక్కజొన్నలు, ఒక ఉత్తరం కట్టిస్తుంది. రోముకి వచ్చేవాళ్ళెవరికో ఇచ్చయినా నాకు చేరేలా చేస్తుంది.

“అమ్మ ఏమీ ఇవ్వలేదా?”

యదీరా ఓస్మార్ వైపు చూసింది.

“మీ అమ్మకి చెప్పలేదు,” అన్నాడతను. “ఎవరికీ చెప్పలేదు. వీళ్ళ ల్యాబులో లీమాలో శిక్షణ అని చెప్పి వచ్చింది. తెలిస్తే ఉద్యోగం పోతుంది. నువ్వు కూడా చెప్పకు. ఆదివారం ఫోన్లో మాట్లాడతావుగా, అప్పుడు కూడా.”

“నేను ఆదివారం మాట్లాడతానని నీకెలా తెలుసు?”

“అరెకీపాలో తల్లులందరికీ ఆదివారమేగా పిల్లలు గుర్తొచ్చేది,” అన్నాడు. నా ప్రశ్నకి జవాబు సిద్ధంగా పెట్టుకున్నట్టే అనిపించింది. కానీ ఆ మాటలో నిజం లేకపోలేదు.

ఆ పూట నెరీనాగారు కాగితం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఓస్మార్ లేచి ఆవిడ చేతిని ముద్దు పెట్టుకుని, పాస్‌పోర్టులు సంచి అడుగున ఉన్నాయి, రేపు ఇస్తామని నాతో చెప్పించాడు. శనివారం అడిగితే మళ్ళీ రేపన్నాడు. ఆదివారం ఆఫీసు మూసి ఉంటుందిగా, తొందరేముందన్నాడు. పాస్‌పోర్టులు సంచి అడుగున లేవు. రెండూ అతని కోటు లోపలి జేబులో ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆ కోటు భోజనాల దగ్గర కూడా విప్పేవాడు కాదు.

శనివారం వాళ్ళని బయటికి తీసుకెళ్ళాను. సముద్రం ఒడ్డు, నేను రోజూ కూర్చునే కాఫీ కొట్టు, ఎక్కడికి వెళ్ళినా ఓస్మార్ గోడకి ఆనుకుని తలుపు కనబడేలా కూర్చునేవాడు. ఫోటో తీయబోతే చేయి అడ్డం పెట్టాడు. ఊరి వెనక తెల్లటి రాతికొండని చూపించి అడిగాడు.

“దాని అవతల వేరే దేశమా?”

“ఊ. బస్సులో అరగంట.”

“సరిహద్దులో ఆపి చూస్తారా?”

“ఒక్కోసారి. ఎందుకూ?”

“ఊరికే. దాని అవతల? ఆ తర్వాత?”

వేళ్ళ మీద దేశాల పేర్లు చెప్పుకుంటూ పోయాను. ప్రతి పేరునీ పెదాలతో పలికి గుర్తుపెట్టుకున్నాడు. యదీరా కప్పులో చక్కెర కలుపుతూ ఉంది. కాఫీ చల్లారిపోయినా చెంచా తిప్పుతూనే ఉంది.

వెనక్కి వస్తుంటే మా వీధి మలుపులో ఒక సంగతి జరిగింది. మా వీధి నిటారుగా కొండెక్కుతుంది. పైనుంచి వచ్చే కారొకటి ఎవరో అడ్డం రాగానే బ్రేకు వేసింది. చక్రాలు కీచుమన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ యదీరా నా పక్కన లేదు. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద చతికిలబడి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని ఉంది. నేను వంగేలోపే ఓస్మార్ దాని రెక్క పట్టుకున్నాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది.

“లే,” అన్నాడు. “జనం చూస్తున్నారు. లే.”

అతని వేళ్ళు ఆ పలచటి చొక్కాలోకి దిగబడ్డాయి. లేచి నడిచింది. ఆ పూట అన్నం ముట్టలేదు. దాన్ని ఒంటరిగా పట్టుకుని అడగాలని చూశాను. నేను వంటింట్లోకి వెళ్తే అతనూ మంచినీళ్ళకి వచ్చేవాడు. అది స్నానానికి వెళ్తే తలుపు బయట కుర్చీ వేసుకుని ఫోను చూసుకునేవాడు.

ఆదివారం సాయంత్రం ఆరింటికి, అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ, అమ్మకి ఫోను చేశాను. వంటింటికీ హాలుకీ మధ్య అద్దం తలుపు. లోపల యదీరా దుంపలు చెక్కు తీస్తోంది. ఓస్మార్ నాకు ఎదురుగా సోఫాలో కూర్చుని నా మొహం చూస్తున్నాడు.

“ఎవులాలియా పెద్దమ్మ గుర్తుందా తల్లీ?” అంది అమ్మ. “మీ బడి మూల మీద పాల ఐసు అమ్మేది.”

గుర్తులేకపోవడమేమిటి. పచ్చరిబ్బను టోపీ పెట్టుకుని, కొయ్య తొట్టిలో ఐసు మధ్య గిన్నె పెట్టి గిరగిరా తిప్పేది. పైన దాల్చినచెక్క పొడి చల్లి ఇచ్చేది. బ్యాండు సాధన అయ్యాక మేం ముగ్గురం ఒకే గిన్నె కొనుక్కుంటే, మా ముగ్గురికీ మూడు చెంచాలిచ్చి, ఇంకొంచెం వేసేది.

“మంగళవారం తెల్లవారుజామున తొట్టిబండి తోసుకుంటూ వెళ్తోందట. ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయింది. బూడిదరంగు పికప్ అంటున్నారు. పాలవాడొకడు చూశాడు. ఆస్పత్రిలో ఉంది. ప్రాణం ఉంది కానీ స్పృహ లేదు. నిన్న నేను వెళ్ళొచ్చాను. చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉంది. వింటున్నావా?”

“ఊ.”

“ఇంకోటి. యదీరా వాళ్ళమ్మ మూడు రోజుల నుంచి తలుపు తియ్యడం లేదు. పోలీసులు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. పిల్ల లీమాలో ఉందంటోంది కిటికీలోంచి. నీకేమైనా ఫోను చేసిందా అది?”

నా మొహం మారిందేమో, ఓస్మార్ కాలు ఊపడం ఆపేశాడు. అద్దం అవతల యదీరా చేతిలో కత్తి కూడా ఆగింది.

“లేదమ్మా,” అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక అమ్మతో అంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఫోను పెట్టేశాను.

“ఏమంటోంది మీ అమ్మ?” అన్నాడు ఓస్మార్.

“ఏముంది. వానలట. వీధి చివర నీళ్ళు నిలిచాయట.”

“ఇంకేమీ అన్లేదా?”

“ఇంకేమనాలి?”

“మంగళవారం మేం వెళ్ళిపోతాం మరదలా,” అన్నాడతను. “కొండ అవతలికి. అక్కడ ఒకడు తెలిసినవాడున్నాడు.”

“పది రోజులన్నారు.”

“నీకు బరువెందుకని.”

ఆ రాత్రి నా గది తలుపు గడియ పెట్టుకుని పడుకున్నాను. ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ గడియ పెట్టుకోలేదు.

సోమవారం తెల్లవారేసరికి బోరా మొదలైంది. కొండ మీది నుంచి సముద్రంలోకి దూకే ఈ గాలికి ఇక్కడి వాళ్ళు మనిషికి పెట్టినట్టు పేరు పెట్టుకున్నారు. నెరీనాగారు బాల్కనీలో పూలకుండీలు లోపల పెట్టించి, కిటికీ రెక్కలు మూసేసింది. యూనివర్సిటీకి సెలవన్నారు. కింద వీధిలో చెత్తడబ్బాలు దొర్లుతున్న చప్పుడు, పైకప్పు పెంకులు కదులుతున్న చప్పుడు. నలుగురం పట్టపగలు దీపం వేసుకుని కూర్చున్నాం. ఓస్మార్ నిమిషానికోసారి బస్సుల వేళలు చూసుకుంటున్నాడు. కొండ మీదికి బస్సులు ఆపేశారు.

నెరీనాగారు కాఫీ తాగుతూ ఏదో అనబోతే పై పళ్ళు కిందికి జారాయి. యదీరా అటు చూసింది. ఊరి నుంచి వచ్చాక మొదటిసారి దాని మొహంలో కాస్త ప్రాణం కనిపించింది.

“ఆవిడ సెట్టు ఒకపక్క ఎత్తుగా ఉందే,” అంది నాతో. “చిన్న ఆకురాయి ఉంటే అరగదీస్తాను. పది నిమిషాల పని.”

నెరీనాగారికి చెప్పాను. ఆవిడ మగవాడి ముందు పళ్ళు తీయనంది. ఈ ఇంట్లోకి వచ్చిన అతిథి ఎవరైనా సరే, తన బోసినోరు చూడ్డానికి వీల్లేదంది. గోళ్ళు అరగదీసుకునే ఆకురాయి పట్టుకుని మమ్మల్నిద్దర్నీ తన పడకగదిలోకి తీసుకెళ్ళింది. ఓస్మార్ లేచాడు.

“నాయెలి ఎందుకు?”

“ఆవిడ చెప్పేది దీనికి అర్థం కావద్దూ?” అన్నాను. “నేను వద్దనుకుంటే ఆవిడకి నువ్వే వెళ్ళి చెప్పు.”

మా వెనకే తలుపు మూసి నెరీనాగారు సెట్టు తీసిచ్చి మంచం మీద కూర్చుంది. యదీరా దీపం దగ్గర సెట్టుని వెలుతురుకి పట్టి చూసి, అరగదీయడం మొదలుపెట్టింది. చేతులు పనిలో ఉన్నాయి కాబట్టే చెప్పగలిగిందనుకుంటాను.

“నీకు తెలిసిపోయింది కదే?”

“ఎవులాలియా పెద్దమ్మ సంగతా?”

ఆకురాయి ఆగలేదు.

“వాడు తాగి నడిపాడా?” అన్నాను.

“నడిపింది నేను.”

మూడు రోజులుగా నేను ఆ కోటు వేసుకున్న మనిషినే చూస్తున్నాను.

“పెళ్ళి నుంచి వస్తున్నాం. వాడు తాగాడని నేను బండి తాళాలు తీసుకున్నాను. నిద్ర ముంచుకొస్తోంది. మలుపులో తొట్టి కనిపించింది, తర్వాత టోపీ. ఆ పచ్చరిబ్బను టోపీనే. బ్రేకు మీద కాలు వేశాను. అద్దం పగిలి మీద పడింది. దిగుదామన్నాను, నీ ఒట్టు, దిగుదామన్నాను. వాడు స్టీరింగు తిప్పి, పోనియ్ పోనియ్ అని అరిచాడు. పోనిచ్చాను.” సెట్టు మీది పొడి ఊదింది. “ఆ రోజు సాయంత్రమే పోయిందట. వాడు కనుక్కున్నాడు. ఇంక వెనక్కి వెళ్ళి చేసేదేముంది అంటాడు. పోయినావిడ లేచొస్తుందా అంటాడు.”

“ఎవరు పోయారు?”

“పెద్దమ్మ.”

“పోలేదే,” అన్నాను. “ఆస్పత్రిలో ఉంది. మొన్న శనివారం అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని వచ్చింది.”

ఆకురాయి కింద పడింది. యదీరా గోడకి ఆనుకుంది. ఏడవలేదు. చేతిలో పళ్ళ సెట్టుని గట్టిగా పట్టుకుని, “వెచ్చగా ఉందా?” అని అడిగింది. “చెయ్యి వెచ్చగా ఉందని చెప్పిందా మీ అమ్మ?”

“ఉందంది.”

“నా పాస్‌పోర్టు వాడి దగ్గరుంది.”

నెరీనాగారు చేయి చాచింది. యదీరా సెట్టు ఇచ్చింది. ఆవిడ పెట్టుకుని, రెండుసార్లు కొరికి చూసుకుని, అద్దం ముందు నోరు తెరిచి మూసింది. మా స్పానిషూ ఆవిడ ఇటాలియనూ అక్కాచెల్లెళ్ళ లాంటివన్న సంగతి ఆ కంగారులో మరిచిపోయాను. ఆవిడ ఏం విన్నదో, ఎంత అర్థమైందో మొహం చూసి చెప్పలేకపోయాను.

హాల్లోకి రాగానే యదీరా అతని ఎదురుగా నిలబడింది.

“నా పాస్‌పోర్టు ఇవ్వు.”

“కూర్చో.”

“ఆవిడ బతికే ఉంది.”

ఓస్మార్ నా వైపు చూశాడు. అరవలేదు, కుర్చీ తన్నలేదు. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు. గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే, ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, మెల్లగా మాట్లాడాడు.

“వానలన్నావు కదా మరదలా.”

“నువ్వు పోయిందన్నావు కదా.”

“పోతుంది. ఇవాళ కాకపోతే రేపు. తల పగిలిన మనిషి.” యదీరా వైపు తిరిగాడు. “వెళ్ళి ఏమంటావు? నేనే నడిపానంటావు. పక్కన ఎవరని అడుగుతారు. బండి ఎవరిదని అడుగుతారు. నీతో పాటు నన్నూ లాగుతావు. నీకోసమేనే ఇంత దూరం తెచ్చాను. నేను నడపలేదు. నేనెవర్నీ గుద్దలేదు.”

“మరి నువ్వెందుకు పారిపోతున్నావు?” అంది యదీరా.

అతని దవడ కదిలింది. ఒక అడుగు ముందుకి వేశాడు. నేను దాని ముందుకి వచ్చి నిలబడ్డాను. అతని ఊపిరి నా మొహానికి తగిలేంత దగ్గర. బ్యాండులో యదీరా డోలు కర్ర విరిగితే తనది ఇచ్చిన పిల్లాడు ఇతనేనా అని ఆ క్షణంలోనూ అనుకున్నాను. నన్ను కొడతాడని అనుకున్నాను. అతనూ అదే అనుకుంటున్నట్టుంది.

అప్పుడు నెరీనాగారు మా మధ్యకి వచ్చి, పోలీసుల కాగితం బల్ల మీద పరిచి, కళ్ళజోడు పెట్టుకుంది.

“ఇవాళే ఆఖరు రోజు,” అంది. పళ్ళు జారలేదు, ప్రతి మాటా స్పష్టంగా ఉంది. “ఆ అమ్మాయిది ఇవ్వు. రాసుకుంటాను. నీది ఇవ్వడం ఇవ్వకపోవడం నీ ఇష్టం. ఇవ్వకపోతే నువ్వు నా ఇంట్లో లేనట్టే. లేనివాడు ఎటు పోయాడో నన్నెవరూ అడగరు. ఆ అమ్మాయిది మాత్రం ఇవ్వకపోతే, కింద మూడో ఇంట్లో ఉండేది రిటైరైన పోలీసాయన. గాలికి ఇవాళ ఇంట్లోనే ఉంటాడు.”

నేను తర్జుమా చేయబోయాను. ఓస్మార్ చేత్తో ఆపాడు. అతనికి అర్థమైంది.

జేబులోంచి రెండూ తీశాడు. రెంటినీ తెరిచి చూసి, ఒకటి బల్ల మీద పెట్టాడు. గదిలోకి వెళ్ళి సంచి తెచ్చుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, “యదీరా,” అన్నాడు. అది తలెత్తలేదు.

“ఈ గాలిలో ఎక్కడికిరా,” అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

జవాబు చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. కిటికీ సందులోంచి చూశాను. మా వీధిలో గాలిరోజుల కోసం గోడకి తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు పట్టుకుని, ఒళ్ళు సగానికి వంచి, కొండ వైపు ఎక్కుతున్నాడు. రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాడు. మలుపు తిరిగాక మరి కనిపించలేదు.

మంగళవారం గాలి తగ్గింది. బుధవారం యదీరాని వెనీసులో విమానం ఎక్కించాను. నా కోటు దానికి తొడిగాను. “ఆవిడ బతికుండగా చేరతానంటావా?” అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చేరతావన్నాను.

గురువారం ఉదయం అమ్మ ఫోను చేసింది. ఎవులాలియా పెద్దమ్మ రాత్రి పోయిందని చెప్పింది.

అప్పటికి యదీరా సముద్రం మీద ఉంది. లీమాలో దిగి ఫోను తెరుస్తుంది. అక్కడి నుంచి అరెకీపాకి ఇంకో విమానం. ఈ మధ్యలో చెప్పాలా, వద్దా? చెప్పకపోతే ఓస్మార్‌కీ నాకూ తేడా ఏముంటుంది? చెబితే అది లీమాలోనే జనంలో కలిసిపోవచ్చు. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉందని చెప్పే కదా నేను దాన్ని వెనక్కి పంపాను. మధ్యాహ్నం దాకా వంటింట్లో కూర్చుని, చివరికి రాశాను: “నిన్న రాత్రి పోయింది. నీకు ఇప్పుడే తెలియాలనిపించింది.”

చదివినట్టు గుర్తు పడింది. రెండు గంటలు ఏమీ రాలేదు. తర్వాత ఒక్క ముక్క వచ్చింది: “విమానం ఎక్కుతున్నాను.”

ఆ రోజే స్టేషన్‌కి వెళ్ళి, బండి నడిపింది నేనే అని చెప్పిందట. ఇప్పుడు జైల్లో ఉంది. ఏప్రిల్లో అమ్మ చేత ఉత్తరం పంపింది. “నువ్వు బతికుందని చెప్పకపోయినా వచ్చేదాన్నేమో. గట్టిగా చెప్పలేను,” అని రాసింది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. లోపలి ఆడవాళ్ళకి పళ్ళు బాగుచేస్తోందట.

ఓస్మార్ ఊరికి రాలేదు. బండి అతని మేనమామ షెడ్డులో దొరికింది. మే నెలలో ఒక మధ్యాహ్నం నాకు తెలియని దేశపు నంబరు నుంచి మెసేజ్ వచ్చింది.

“మరదలా, ఆవిడ బతికిందా?”

నేను క్లాసులో ఉన్నాను. బల్ల కింద ఫోను పట్టుకుని, “లేదు,” అని రాశాను. చదివాడు. ఏదో రాస్తున్నట్టు చాలాసేపు చుక్కలు కదిలాయి. తర్వాత ఆగిపోయాయి. ఆ నంబరు నుంచి మళ్ళీ ఏమీ రాలేదు. ఇప్పటికీ మెట్ల మీద మగ అడుగుల చప్పుడైతే, మా అంతస్తు దాటి పైకి వెళ్ళేదాకా నేనూ నెరీనాగారూ మాట్లాడుతున్న మాట ఆపేస్తాం.